ఎంబీబీఎస్ పిల్లలకు హెల్త్ ఇన్ఫర్మాటిక్స్: ల్యాబ్ తలుపు తర్వాత, ముందు రికార్డు రూము

మేడమ్ గారూ, మీ పరిస్థితి నాకు అర్థమైనంతలో ఇదీ. గుంటూరు పక్కన ప్రైవేటు మెడికల్ కాలేజీలో కమ్యూనిటీ మెడిసిన్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా ఉన్నారు. సెకండియర్ పిల్లలకు పన్నెండు గంటలు హెల్త్ ఇన్ఫర్మాటిక్స్, అంటే రోగుల సమాచారాన్ని రాసి, దాచి, వాడుకునే తీరు, చెప్పమని ప్రిన్సిపాల్ గారు అప్పజెప్పారు. నెట్‌లో దొరికిన సిలబస్‌లో డేటాబేస్‌లు, పైథాన్, నెట్‌వర్కింగ్ ఉన్నాయి. కాలేజీ ల్యాబ్‌లో సగం కంప్యూటర్లు ఆన్ కావు. పైగా మొదటి క్లాసులోనే ఒక కుర్రాడు లేచి 'ఇది యూనివర్సిటీ పరీక్షలో వస్తుందా మేడమ్?' అని అడిగేశాడు. ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది మీ ప్రశ్న.

రికార్డు రూములో మొదలుపెట్టండి. ల్యాబ్ బాగుపడినా బాగుపడకపోయినా ఇదే నా సమాధానం. విజయవాడలో ఆసుపత్రుల్లో సాఫ్ట్‌వేర్ పెట్టించే పనిలో చాలాకాలం ఉండి, ఆ తర్వాత ఇదే సబ్జెక్టు చెప్పే వైపు వచ్చినవాణ్ణి. సాఫ్ట్‌వేర్ వైపు నుంచి చూసినప్పుడు నాకు బాగా తెలిసొచ్చింది ఒకటే: కంప్యూటర్లోకి వెళ్లిన చెత్తలో ఎక్కువ భాగం కంప్యూటర్లో పుట్టింది కాదు. క్యాజువాలిటీలో రాత్రి రెండు గంటలకు, నిద్ర కళ్లతో ఉన్న హౌస్ సర్జన్ పెన్ను దగ్గర పుట్టింది. మీ ముందు కూర్చున్న పిల్లలు ఇంకో మూడు మూడున్నరేళ్లలో ఆ హౌస్ సర్జన్లే. వాళ్లకు డేటాబేస్ కట్టడం రానవసరం లేదు. తాము రాసే నాలుగు ముక్కలు ఎక్కడెక్కడికి వెళ్తాయో, ఎవరెవరు చదువుతారో తెలిస్తే చాలు. పన్నెండు గంటలూ దీని చుట్టూనే తిప్పండి.

ఒక ఉదాహరణ కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మన జిల్లాకు ఇంతకన్నా దగ్గరిది లేదు. పత్తి, మిర్చి పండే నేల మనది. పురుగుమందు కేసు రాని క్యాజువాలిటీ ఈ చుట్టుపక్కల ఉండదు. పాత కేస్ షీట్లలో పేరూ ఊరూ కనబడకుండా చేసి, పురుగుమందు కేసులు కొన్ని జిరాక్సు తీయించి పిల్లలకు ఇవ్వండి. చాలావాటిలో 'ఓపీ పాయిజనింగ్' అని ఉంటుంది, అంతే (ఇక్కడ ఓపీ అంటే ఆర్గానోఫాస్ఫరస్ రకం పురుగుమందు). ఏ మందు, ఎంత, ఎన్ని గంటలకు, సీసా తెచ్చారా, కావాలని తాగాడా, పిచికారీ చేస్తుంటే ఒంట్లోకి వెళ్లిందా, ఏదీ ఉండదు. ఇప్పుడు ఆ కాగితాన్ని ఒక్కొక్కరి చేతిలో పెట్టి చదివించండి. ఒకడు పొద్దున డ్యూటీ ఎక్కే డాక్టరు. ఇంకొకడు కోడింగ్ చేసే, అంటే జబ్బుకు కోడు నంబరు వేసే, రికార్డు గుమస్తా. మూడోవాడు జిల్లాలో పురుగుమందు మరణాల లెక్క తీసే అధికారి.

డ్యూటీ డాక్టరు వేషం వేసినవాడికి మొదటి ఇబ్బంది. రోగి వెంట వచ్చినవాళ్లు 'గడ్డిమందు తాగాడండీ' అని ఉంటే, అది పారాక్వాట్ కావచ్చు. దానికి విరుగుడు లేదు, అవసరానికి మించి ఆక్సిజన్ పెడితే ఊపిరితిత్తులకు ఇంకా చేటు. ఆర్గానోఫాస్ఫరస్ అయితే అట్రోపిన్ కథ, అది పూర్తిగా వేరు. ఆ తేడా చెప్పే మాట ఇంటివాళ్ల నోటి నుంచి వచ్చింది, కేస్ షీట్ మీదికి మాత్రం ఎక్కలేదు. గుమస్తా వేషం వాడికి ఇంకో చిక్కు. జబ్బులకు కోడ్లిచ్చే అంతర్జాతీయ పట్టిక ఐసీడీ-10లో ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ మందులకు టీ60.0, గడ్డిమందులకు టీ60.3. దానితోపాటు ఎలా జరిగిందో చెప్పే రెండో కోడు కావాలి: కావాలని తాగితే ఎక్స్68, ప్రమాదవశాత్తూ అయితే ఎక్స్48, తేలకపోతే వై18. కేస్ షీట్‌లో లేనిది అతను ఎక్కణ్నుంచి తెస్తాడు? తేలనిదాంట్లో పడేస్తాడు, లేదా తోచింది వేస్తాడు. ఇక మూడోవాడు కంప్యూటర్‌లో 'ఓపీ' అని వెతికితే ఔట్‌పేషెంట్లంతా వరసగా వచ్చి కూర్చుంటారు. క్లాసు ఇక్కడ నవ్వుతుంది. నవ్వనివ్వండి, ఆ పొట్టి రాతల జబ్బు అప్పటి నుంచే కొంత తగ్గుతుంది.

ఆ గంట అయ్యాక ఐసీడీ అంటే ఏమిటో, కోడింగ్ ఎందుకో మీరు నిర్వచనాలు చెప్పక్కర్లేదు. ప్రమాణాల పాఠం ఒక్క పూటలో తేల్చేయండి. ఐసీడీ లెక్క పెట్టడానికి, స్నోమెడ్ సీటీ రోగి వివరాన్ని వైద్యానికి పనికొచ్చేంత నిశితంగా నమోదు చేయడానికి, లోయింక్ ల్యాబ్ పరీక్షలకు, ఫైర్ (FHIR) ఒక సిస్టమ్ నుంచి ఇంకో సిస్టమ్‌కు పంపడానికి. మన దేశం 2013లో ఈహెచ్‌ఆర్ (ఎలక్ట్రానిక్ హెల్త్ రికార్డు) ప్రమాణాలు ప్రకటించి 2016లో సవరించింది, స్నోమెడ్ సభ్యత్వం 2014లో తీసుకుంది కాబట్టి మనకు దాని వాడకం ఉచితం, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-11 2022 జనవరి 1న అమల్లోకి వచ్చింది. ఇంతకు మించి బట్టీ పట్టించకండి. కోడ్లు బట్టీ పట్టే పిల్లవాణ్ణి చూస్తే నాకు జాలేస్తుంది, వెతుక్కోవడానికి పుస్తకమూ ఫోనూ ఉండగా.

తర్వాత పేర్ల పాఠం. దీనికీ కంప్యూటర్ అక్కర్లేదు. ఓపీ రిజిస్టర్‌లో వరసల్లాంటివి ఓ ముప్పై మీరే కల్పించి రాయండి: కె.వి. సుబ్బారావు, కొల్లి వెంకట సుబ్బారావు, సుబ్బారావు కె, వెంకటసుబ్బయ్య. వయసు 60, 62, 60. ఊరు ఒకచోట తెనాలి, ఇంకోచోట తెనాలి పక్క పల్లె. ఫోన్ నంబరు ఒకటే, కానీ అది కొడుకుది, అదే నంబరు మీద అత్తగారూ కోడలూ కూడా ఉన్నారు. 'ఇందులో మనుషులెంతమంది?' అని అడగండి. ఏ రెండు గ్రూపులకూ లెక్క కలవదు. మన దగ్గర ఇంటిపేరు ముందు, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా. ఆడపిల్లకు పెళ్లయ్యాక ఇంటిపేరు మారిందా లేదా అన్నది ఏ కాగితం చూస్తే ఆ కాగితాన్ని బట్టి. మహాలక్ష్మిని ఇంగ్లిష్‌లో రాసే తీరులు లెక్కబెట్టడం మొదలుపెడితే గంట అయిపోతుంది. పుట్టిన తేదీ తెలియనివాళ్లందరూ జనవరి ఒకటిన పుడతారు, పెద్దవాళ్ల వయసులు అరవై, అరవై ఐదు దగ్గర పోగుపడతాయి.

అసలు చర్చ దీని తర్వాత పెట్టండి. ఒకే మనిషిని ఇద్దరుగా చీల్చడం ప్రమాదమా, ఇద్దరిని ఒకరిగా కలపడం ప్రమాదమా? చీలిస్తే పాత రిపోర్టు దొరకదు, పరీక్ష మళ్లీ చేస్తారు, డబ్బు దండగ. కలిపితే ఒకరి బ్లడ్ గ్రూపు, ఒకరి పెన్సిలిన్ ఎలర్జీ ఇంకొకరి పేరు మీదికి వస్తాయి. రెండోది ప్రాణం మీదికి తెస్తుంది, కనుక అనుమానం ఉన్నచోట కలపకూడదు. పిల్లలు ఈ నిర్ణయానికి తమంతట తాము వచ్చేదాకా మీరు నోరు విప్పకండి. అప్పుడు ఆభా, అంటే ఒక్కో మనిషికి ఇచ్చే ఆరోగ్య గుర్తింపు నంబరు, సంగతి ఎత్తండి. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ను 2021 సెప్టెంబరు 27న దేశమంతా మొదలుపెట్టారు, దాని కింద ఇచ్చే ఆభా నంబరుకు 14 అంకెలు. రికార్డులు ఆసుపత్రుల దగ్గరే ఉంటాయి, రోగి ఒప్పుకుంటే ఒకచోట నుంచి ఇంకోచోటికి వెళ్తాయి. చాలామంది పిల్లలు, మాస్టార్లు కూడా, ఢిల్లీలో ఒక పెద్ద కంప్యూటర్లో అందరి జబ్బులూ ఉన్నాయని అనుకుంటున్నారు. ఆ అపోహ ముందు తీసేయండి. నంబరు ఉన్నంతమాత్రాన కౌంటర్ దగ్గర అది అడుగుతారని, అడిగినా సరిగా కొడతారని లేదు కాబట్టి పేర్ల తలనొప్పి ఇంకా కొన్నేళ్లు ఉంటుంది.

విజయవాడ బ్యాచ్‌లకు నేను ఇచ్చే పని ఇంకొకటి ఉంది, మీకూ పనికొస్తుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురం వైపు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి గదా. ఇళ్లలో దాచుకున్న ఫైళ్లన్నీ నానిపోయాయి. సింగ్ నగర్ నుంచి వచ్చిన ఒక ముసలాయన్ని ఊహించుకోమంటాను. షుగరుంది, గుండెకు స్టెంటు వేశారు, చేతిలో సగం వాడిన మాత్రల షీటు తప్ప ఇంకేం లేదు. 'ఈయన సమాచారం ఇంకా ఎక్కడెక్కడ బతికి ఉంది? వెతికి రాయండి' అంటాను. మొదట 'ఆసుపత్రిలో' అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. కాస్త కదిపితే ఒక్కొక్కటే బయటకు వస్తుంది. స్టెంటు ఎన్టీఆర్ వైద్యసేవలో వేయించుకుని ఉంటే క్లెయిమ్‌తోపాటు యాంజియో రిపోర్టు అప్‌లోడ్ అయి ఉంటుంది, ఆరోగ్యమిత్రను అడిగితే దారి చెబుతాడు. మందుల షాపు బిల్లింగ్ కంప్యూటర్లో నెలనెలా కొన్నవి ఉంటాయి. ల్యాబ్‌వాళ్ల దగ్గర పాత హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష. ఏఎన్ఎం దగ్గర బీపీ, షుగర్ స్క్రీనింగ్ వివరాలు. మనవడి వాట్సాప్‌లో ఎప్పుడో తీసిన ప్రిస్క్రిప్షన్ ఫొటో. ఒక మనిషి సమాచారం ఇన్ని ముక్కలుగా, ఒకదానితో ఒకటి మాట్లాడుకోని చోట్ల ఉందని బోర్డు మీద గీశాక, ఇంటరాపరబిలిటీ అన్న నోరు తిరగని మాటకు అర్థం అడిగేవాడుండడు. ఆ బోర్డు మీద ఏ ముక్కను నమ్మొచ్చు, దేన్ని సరిచూడాలి అన్న చర్చకు ఇంకో అరగంట వదలండి. షాపు బిల్లు కొన్నదాన్ని చెబుతుంది, మింగినదాన్ని చెప్పదు.

పైథాన్ గురించి అడిగారు. వద్దు. అంటే అందరికీ వద్దు. నూటయాభై మంది క్లాసులో ఆసక్తి ఉన్నవాళ్లు ఇద్దరు ముగ్గురు తప్పకుండా ఉంటారు, వాళ్లను ఎలెక్టివ్ బ్లాకులో దగ్గర కూర్చోబెట్టుకోండి. మిగతావాళ్లకు ఎక్సెల్‌లో ఒక లైన్ లిస్టు (వరసకొక కేసు చొప్పున రాసిన జాబితా) శుభ్రం చేయడం, పివట్ టేబుల్ తీయడం, రోజుకెన్ని కేసులో చూపే ఒక ఎపిడెమిక్ కర్వ్ గీయడం వస్తే జన్మకు సరిపోతుంది. డేటా కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. ఎన్‌ఎంసీ (నేషనల్ మెడికల్ కమిషన్) పెట్టిన ఫ్యామిలీ అడాప్షన్ ప్రోగ్రామ్ ఉంది, మీ పిల్లలు ఊళ్లో కుటుంబాలను దత్తత తీసుకునే ఉన్నారు, వాళ్ల లాగ్‌బుక్‌లలో బీపీలూ బరువులూ ఉన్నాయి. పేర్లు తీసేసి అందరివీ ఒక షీట్‌లో పోయమనండి. ఒకడు ఎత్తు అడుగుల్లో, ఒకడు సెంటీమీటర్లలో, ఒకడు బీపీ గడిలో 'నార్మల్' అని రాసుకొచ్చి ఉంటాడు. షుగర్ 180 అని ఉంటుంది, తిన్నాకో తినకముందో ఉండదు. తమ చేత్తో రాసిన చెత్తను తామే ఏరుకుంటే వచ్చే బుద్ధి మనం ఎన్ని స్లైడ్లు వేసినా రాదు. ల్యాబ్ లేకపోయినా ఫరవాలేదు, ఫోన్లో షీట్స్ సరిపోతుంది, గ్రూపుకొక ల్యాప్‌టాప్ ఉంటే మరీ మంచిది.

వ్యాధుల నిఘా పాఠానికి గుంటూరులోనే కథ ఉంది. 2018 మార్చిలో ఆనందపేట ప్రాంతంలో తాగునీరు కలుషితమై అతిసారం ప్రబలింది, ప్రాణాలు పోయాయి. అసలు రోగుల వివరాలు వాడకుండా, అలాంటి వీధుల పటం ఒకటి, వాంతులు విరేచనాల కేసుల జాబితా ఒకటి మీరే తయారుచేసి ఇవ్వండి. కేసులు కావాలనే మూడు చోట్ల చల్లండి: కొన్ని ప్రభుత్వాసుపత్రికి, కొన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు, కొన్ని వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గరికి. ఒక్కో గ్రూపుకు ఒక్కో చోటి జాబితా మాత్రమే ఇస్తే 'మామూలుగానే ఉంది మేడమ్' అంటారు. మూడూ కలిపి పటం మీద చుక్కలు పెట్టించండి, ఏ పైపు దగ్గర చుక్కలు గుమిగూడాయో వాళ్లే చూపిస్తారు. అప్పుడు కేంద్ర ప్రభుత్వ వ్యాధుల నిఘా పథకం ఐడీఎస్‌పీ ఫారాలు చెప్పండి: ఎస్ ఫారం లక్షణాలను బట్టి ఏఎన్ఎం స్థాయిలో, పీ ఫారం డాక్టరు అనుమానాన్ని బట్టి, ఎల్ ఫారం ల్యాబ్ నిర్ధారణను బట్టి. 2004లో మొదలైన ఆ పథకం 2021లో ఐహెచ్‌ఐపీ అనే ఆన్‌లైన్ వేదికకు మారింది. ప్రైవేటు నర్సింగ్ హోమ్ తనకెందుకులే అని నింపకపోతే పటంలో ఏ చుక్కలు మాయమవుతాయో పిల్లలు చేత్తో చెరిపి చూడాలి. వీళ్లలో చాలామంది రేపు అలాంటి నర్సింగ్ హోమ్‌లే పెడతారు మరి.

ఏఐ గురించి చెప్పకపోతే పిల్లలు ఊరుకోరు, చెప్పాలి కూడా. ముందు కూడికలూ తీసివేతలూ. ఛాతీ ఎక్స్‌రే చూసి టీబీ పట్టే యాప్ అమ్మడానికి ఒకాయన వచ్చాడనుకోండి. జబ్బున్నవాళ్లలో 90 శాతం మందిని పడుతుంది, లేనివాళ్లలో 90 శాతం మందిని సరిగా వదిలేస్తుంది అంటాడు. వెయ్యిమందిలో పదిమందికి జబ్బుంది అనుకుందాం. పదిలో 9 మందిని పట్టింది. మిగతా 990 మందిలో 99 మందిని అనవసరంగా పట్టింది. అంటే యాప్ ఎర్ర గుర్తు పెట్టిన 108 మందిలో నిజంగా జబ్బున్నది 9 మందికి, వందకు ఎనిమిది మంది చొప్పున. బయోస్టాటిస్టిక్స్‌లో ఇదే లెక్క పిల్లలు చేసే ఉంటారు, కానీ అమ్మకందారు మాటతో పోల్చి చూసి ఉండరు. మరీ పక్షపాతంగా కాకుండా, ఒక టీబీ క్లినిక్‌లో వందమందిలో ముప్పైమందికి జబ్బు ఉంటే ఏమవుతుందో కూడా చేయించండి. 27 మంది సరిగా, ఏడుగురు తప్పుగా. అదే యాప్, చోటు మారితే విలువ మారిపోయింది.

రెండోది డేటా పుట్టుక. 2019లో సైన్స్ పత్రికలో వచ్చిన అమెరికా అధ్యయనం ఒకటి క్లాసులో చెప్పదగ్గది. ఎవరికి ఎక్కువ శ్రద్ధ అవసరమో చెప్పే ప్రోగ్రామ్‌కు జబ్బు తీవ్రతకు బదులు వైద్యానికి అయిన ఖర్చు నేర్పారు. నల్లజాతి రోగుల మీద అయ్యే ఖర్చు మొదటి నుంచీ తక్కువ కాబట్టి, వాళ్లు ఎక్కువ జబ్బుతో ఉన్నా ప్రోగ్రామ్ కంటికి ఆరోగ్యవంతుల్లా కనబడ్డారు. దీన్ని అక్కడే వదిలేయకుండా మన గడప దాకా తీసుకురండి. వైద్యసేవ క్లెయిముల మీద ఒక ఏఐకి శిక్షణ ఇస్తే, బస్సు ఛార్జీలకు లేక, కూలి పోతుందని ఆసుపత్రి గడప తొక్కని పల్నాడు పత్తి కూలీ ఆ డేటాలో ఎక్కడుంటుంది? ఎక్కడా ఉండదు. ఏఐ లెక్కలో ఆమెకు జబ్బే లేదు. ఈ ప్రశ్న వేసి, జవాబు కోసం తొందరపెట్టకండి.

గోప్యత పాఠానికి చట్టం పేరు ఒకసారి చెబితే చాలు, 2023 నాటి డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం. ఆ తర్వాత అందరినీ ఫోన్ తీసి సొంత గ్యాలరీ చూసుకోమనండి, ఎవరికీ చూపించక్కర్లేదు. రోగి పేరు కనబడే ఈసీజీ, ఎక్స్‌రే, మొహం కనబడే ఫొటో ఎన్ని ఉన్నాయో వాళ్లకే తెలుస్తుంది. క్లాసు ఒక్కసారిగా నిశ్శబ్దమవుతుంది. 'సీనియర్ అన్నయ్య పంపమన్నారు' అన్నది ఇక్కడ సాధారణ జవాబు. పంపాల్సిన అవసరం నిజమే, కాదనను. పేరూ ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరూ కత్తిరించి పంపడం ఎలాగో, కేసు అయ్యాక చెరిపేయడం ఎలాగో చూపించండి. కౌంటర్ దగ్గర ఒక పెద్దావిడ ఓటీపీని హాలంతా వినబడేట్టు గట్టిగా చదువుతుంటే దాన్ని సమ్మతి అనొచ్చా అని అడిగితే, అది ఏఈటీకామ్‌లోనూ, అంటే వైద్య నీతి, రోగితో మాట్లాడే తీరు నేర్పే పాఠాల్లోనూ, పనికొచ్చే చర్చ.

ఇక పరీక్ష. ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ పేపర్లో ఈ సబ్జెక్టు పేరుతో ప్రశ్న రాదు, ఆ కుర్రాడికి ఆ మాట దాచకుండా చెప్పండి. కానీ కమ్యూనిటీ మెడిసిన్ స్టాటిస్టిక్స్, నిఘా వ్యవస్థలు ఎలాగూ అడుగుతారు, మీ పన్నెండు గంటలను ఆ కాంపిటెన్సీల కింద లాగ్‌బుక్‌లో రాయించండి, అప్పుడు హాజరు దానంతటదే వస్తుంది. ఇంటర్నల్‌కు మాత్రం ఎంసీక్యూలు పెట్టకండి. ఒక గ్రూపు డిశ్చార్జ్ సమ్మరీ రాయాలి. ఇంకో గ్రూపు దాన్ని మాత్రమే చూసి, రోగిని చూడకుండా, వచ్చే నెల ఫాలో అప్ ఎలా చేస్తారో రాయాలి. రెండోవాళ్లు తడబడినచోటల్లా మొదటివాళ్ల మార్కు పోతుంది. గొడవలు బాగానే జరుగుతాయి.

అతిథి ఉపన్యాసానికి సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్లను పిలవకండి, డెమో చూపించి వెళ్లిపోతారు. మీ రికార్డు రూములో ఏళ్ల తరబడి పనిచేసిన మెడికల్ రికార్డ్స్ టెక్నీషియన్‌ను పిలవండి. ఒక ఏఎన్ఎంను పిలిచి ఆమె ఫోన్లో ఎన్ని యాప్‌లు ఉన్నాయో, ఒకే బీపీని ఎన్నిచోట్ల ఎక్కించాల్సి వస్తుందో చెప్పించండి. రేపు ఈ డాక్టర్లే పీహెచ్‌సీలో కూర్చుని ఆమెను 'ఎంట్రీ ఎందుకు ఆలస్యం' అని నిలదీసేవాళ్లు.

మొదటి క్లాసుకు ముందు చేయాల్సింది: సూపరింటెండెంట్ గారి నుంచి రికార్డు రూముకు రాతపూర్వక అనుమతి, ఎథిక్స్ కమిటీ సెక్రటరీకి ఒక మాట, కేస్ షీట్లకు జిరాక్సు తీసి, ఆ కాపీ మీద పేరు, ఐపీ నంబరు, ఊరు, ఫోన్ నల్లటి మార్కర్‌తో కొట్టేసి, దానికి మళ్లీ జిరాక్సు. మార్కర్ కొట్టిన కాపీని వెలుగుకు పెడితే కింద పేరు కనబడుతుంది, అందుకని పిల్లలకు రెండో జిరాక్సే ఇవ్వాలి. నూటయాభై మందినీ ఒకేసారి ఆ గదిలోకి తోయలేరు, పాతికమంది చొప్పున మధ్యాహ్నం పూట, పొద్దుటి ఓపీ రద్దీ తగ్గాక పంపండి. మీ ఫ్యామిలీ అడాప్షన్ ఊరు ఏదో రాస్తే, లైన్ లిస్టూ వీధుల పటమూ నేను వాడేవి పంపుతాను.